ఏటికట్ట కింద మా అక్క ఇల్లు

ఆలేరు దిక్కోళ్లం మేం, నీళ్లకు భయపడం. భయపడేటంత నీళ్లు మాకు ఎన్నడొచ్చినయి గనుక! మా వాగుల ఏడాదిల ఎక్కువ దినాలు ఇసుకే పారుతది. వానకాలంల మోకాటిలోతు నీళ్లొస్తే ఊరంత ఒడ్డుకు పోయి నిలబడి చూస్తది, కొత్త పెండ్లికొడుకును చూసినట్టు.

గందుకే మా అక్క ఫోన్ చేసి, "తమ్మీ, నాకు నీళ్లంటే భయమైతాంది, వచ్చి తోల్కపో" అంటే నాకు ముందుగాల నవ్వొచ్చింది. అవతల అక్క నవ్వుతలేదని తెలిసినంక వస్తనని చెప్పిన.

అక్క పేరు లచ్చమ్మ. ఆమెను ఇచ్చింది మక్తల్ అవతల, కృష్ణ ఒడ్డు మీది ఊరికి. ఆలేరేడ, కృష్ణ ఏడ అంటరా? మాది గొర్లకాపరుల ఇల్లు. ఒక కరువు ఏడు మా బాపు మందను తోలుకొని, గడ్డి ఎతుక్కుంట ఎతుక్కుంట కృష్ణ దాక పోయిండు. గడ్డి దొరికింది. గడ్డి చూపిచ్చినాయనకు పెండ్లీడు కొడుకు కూడ ఉన్నడు. గడ్డి కోసం పోయి పిల్లనిచ్చి వచ్చిండని మా అమ్మ ఉన్నన్ని దినాలు బాపును దెప్పుతనే ఉన్నది.

గా కొడుకే మా బావ నర్సప్ప. మనసు వెన్న, మాట రాయి. ఎవరన్న "జరుగు" అంటే ఇంకింత గట్టిగ కూసునే రకం.

సంగతేందంటే, వాళ్ల ఊరికి ఏటికి నడుమ ఒక మట్టికట్ట ఉన్నది. కాయితాలల్ల కరకట్ట అని రాస్తరు, ఊరోళ్లు ఏటికట్ట అంటరు. పోయినేడు వరదకు అది ఒక కాడ తెగింది. మనుషులంత మిట్టకెక్కి బతికిండ్రు. గొర్లను బావ ముందే తోలిండు. అక్క సాదుకున్న బర్రె మాత్రం కొట్టంల కట్టేసిన కాడనే ఉండిపోయింది. ఇప్పుదామని అక్క నడుంలోతు నీళ్లల్ల పోయింది. పలుపు నాని ముడి బిగుసుకున్నది. ఎంత గుంజినా ఊడలే. బావ పోయి అక్కను గుంజుకొచ్చిండు. బర్రెను గుంజుకొచ్చేటోడు లేకపాయె.

అప్పటి సంది మొగులు నల్లగైతే చాలు, అక్కకు తిండి సయించదు. ఇల్లు ఇడిసి ఎటన్న పోదామంటే బావ కదలడు. "కట్ట మళ్ల కట్టినం గదనే, ఇంక ఫికరేంది?" అంటడట. అక్కకేమో కట్ట మీద నమ్మకం పోయింది. అది పోతే దాని కింద ఇల్లు ఉండి ఏం లాభం?

"ఈ ఏడు ఒడిబియ్యం పోస్తమని సాకు చెప్పి తోల్కొస్త," అన్న మా ఆమెతోని. ఒడిబియ్యం అంటే ఎరుక లేనోళ్ల కోసం చెప్తున్న: ఇచ్చిన ఆడిబిడ్డను కొన్నేండ్లకొకసారి పుట్టింటికి పిలిచి, కొత్తచీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిల పోసి పంపుతం. గీ ఇల్లు ఇంక నీదే అని చెప్పుడన్నమాట, నోటితోని చెప్పుడు రానోళ్లం గనుక బియ్యంతోని చెప్తం.

నేను బయలెల్లే పొద్దు మా ఆమె ఒక బియ్యం సంచి తెచ్చి నా ముందు పెట్టింది. పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు అన్ని ఏసి మూతి కట్టి ఉన్నది.

"అక్క ఈడికే వస్తాంది గదనే. ఈ బరువు నాకెందుకు?"

"పట్కపో."

"అరే, ఈడ పోసే బియ్యం ఆడికెందుకు మోసుడు?"

"నువ్వు మోసేటప్పుడు మాట్లాడకుంటే బరువు తెల్వదు. పట్కపో."

పట్కపోయిన. మాట్లాడుకుంటనే పోయిన.

పాలమూరు బస్టాండు కాడ

పాలమూరుల దిగి బస్టాండు ఎదురుంగ ఛాయ్ హోటల్ల కూసున్న. ఛాయ్ పది రూపాయలు, మా ఆలేరు లెక్కనే. కప్పు మాత్రం చిన్నపోరగాండ్లు ఆడుకునేది తెచ్చినట్టున్నది. "అన్నా, ఇది ఇంక పెరుగుతదా, ఇంతేనా?" అని అడిగిన. హోటలాయన నవ్వలే. పక్కన కూసున్న ముసలాయన నవ్విండు. గట్ల మాకు దోస్తానా కలిసింది.

ముసలాయన పేరు ఎంకయ్య. బతుకంత మట్టిపని. పాలమూరు లేబర్ అంటే దేశంల ఎరుకలేనిదెవ్వరికి? కాలువ కావాలన్నా, కట్ట కావాలన్నా వీళ్లే పోయి తవ్వి, వీళ్లే మోసిండ్రు.

"నేను చూడని ఏరు లేదు బిడ్డా," అన్నడు.

"అన్నిట్ల మునిగినవా తాతా?"

"మునుగుడా? మేస్త్రి టైమిస్తే గద!"

అక్క సంగతి చెప్పిన. కట్ట తెగిందని, మళ్ల కట్టిండ్రని, అయినా భయపడుతాందని. ముసలాయన కప్పు కింద పెట్టిండు.

"చెరువుకట్టకు రోజూ పని ఉంటది. పొద్దుగాల లేస్తే అందరు దాన్నే చూస్తరు. ఏటికట్ట గట్ల కాదు. ఏడాదంత ఊకెనే పండుకొని ఉంటది. దానికి పని పడేది నాలుగు దినాలు. గందుకే జనం మర్సిపోతరు. బండ్లు ఎక్కిస్తరు, మట్టి తవ్వుకపోతరు, నడుమల నుంచి పైపులేస్తరు. అదేమనదు. మనసుల పెట్టుకుంటది."

"అంటే మా ఆమె లెక్క."

"నీళ్లు కట్ట మీదికెల్లి పొర్లితే ఊరంత చూస్తది, ఉరుకుతది. కింది నుంచి పోతేనే కష్టం. మీ అక్కకు చెప్పు, కట్ట మీదికి చూసి భయపడొద్దు, కింద చూసుకొమ్మను."

గీ మాట అక్క భయానికి మందో, ఇంకింత భయమో నాకు తెల్వలే. మా రెండు ఛాయ్‌ల పైసలు ఆయననే ఇచ్చిండు. వద్దంటే, "పాలమూరుకొచ్చి నువ్విస్తవా?" అని కొట్టొచ్చినట్టు చూసిండు.

నారాయణపేట మగ్గం

నారాయణపేట దాకా పోయి చీర కొనకుండ పోతే అక్క ఊరుకుంటదేమో గని ఊరు ఊరుకోదు. ఒక గల్లీల మగ్గం చప్పుడు ఇనబడితే ఆ ఇంట్లకే పోయిన. గుంతల కాళ్లు పెట్టి కూసొని ఒకామె నేస్తాంది. చెయ్యి ఆపలేదు, నా దిక్కు చూడలేదు.

"అక్కకా, ఆలికా?"

"అక్కకు."

"అట్లైతే కూసో. ఆలికైతే నువ్వు ఏ రంగు కొన్నా తప్పే, నేను చెప్పుడు దండుగ."

నేను ఎర్రది చూపిస్తే ఒద్దన్నది. పచ్చది చూపిస్తే ఒద్దన్నది. అక్క ఏం పని చేస్తదని అడిగింది. ఏటి ఒడ్డున పొలం, గొర్లు అని చెప్పిన. బుర్ద రంగుకు దగ్గర పడేటట్టు, ఇటుకరంగు గళ్లచీర తీసి, "గిది కట్టుకొని పని చేసినా మాసినట్టు కనబడదు. పెట్టెల దాసిపెట్టే చీర ఇస్తే అక్కకు ఇచ్చినట్టా, పెట్టెకు ఇచ్చినట్టా?" అన్నది. పదిహేను వందలు. వంద తగ్గియ్యమంటే, "అక్కకు చీర పెట్టుకుంట బేరం చేస్తే అక్క ఆయుసు తగ్గుతది" అన్నది. అప్పటిదాక గా సంగతి నేనెక్కడా ఇనలేదు. అయినా వంద కోసం ఎందుకని మొత్తం ఇచ్చిన.

బజార్ల ఉగ్గాని తిన్న. మరమరాలను నీళ్లల్ల తడిపి, గట్టిగ పిండేసి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి ఇస్తరు. పక్కన మిర్చిబజ్జి. మా దిక్కు మరమరాలంటే జాతరల పోరగాండ్లు బుక్కేటియి. గీడ అవే పొద్దటి నాష్టా. "మరమరాలు కడుపు నింపుతయా?" అని అడిగిన. అమ్మేటాయన తెలుగు సగం, కన్నడం సగం కలిపి ఏందో అన్నడు. అందరు నవ్విండ్రు. నాకు సమజు కాలే గని, మిర్చి కొరికినంక సమజైంది. కండ్లల్ల నీళ్లు కారుతుంటే మళ్ల నవ్విండ్రు. కృష్ణ దాక పోకముందే వరద మొదలైందని నేను కూడ నవ్విన.

మక్తల్ బస్సుల ఎవరో ఫోన్ల మాట్లాడుతున్నడు. "పైన గేట్లెత్తిండ్రట. రేపటికి మన కాడికొస్తయి నీళ్లు." మా దిక్కు నీళ్లొస్తున్నయంటే బస్సు ఆపి కొబ్బరికాయ కొడుదురు. గీడ ఒకామె తన మూట దగ్గరికి గుంజుకున్నది.

కట్ట ఎక్కంగనే

ఆటో కట్ట కాడ దింపింది. ఎక్కి నిలబడ్డ.

ఇప్పటిదాక నేను చూసిన కట్టలన్ని చెరువుకట్టలు. మా కట్టల పని నీళ్లను పోకుండ ఆపుడు. ఒక్క చుక్క అవతలికి పోతే కొట్లాటే. గీడ కట్ట పని నీళ్లను రాకుండ ఆపుడు. ఎడమదిక్కు ఎర్రటి ఏరు, ఈ చివర సంది ఆ చివర దాక. కుడిదిక్కు నాటేసిన వరిపొలాలు, బడి, చిన్న దవాఖాన, రేకుల ఇండ్లు. నిలబడి ఇటు చూసి అటు చూసి మళ్ల ఇటు చూసిన. ఏట్ల నీళ్లు పైనున్నయి. ఊరు కిందున్నది. నడుమ రెండు బండ్లు పోయేటంత మట్టి, దాని మీద నేను, నా బియ్యం సంచి.

అక్క భయం నా అరికాళ్ల నుంచి ఎక్కొచ్చింది.

"ఏం బామ్మర్దీ!" కట్ట కింది నుంచి బావ కేకేసిండు. "ఆలేరుల ఇసుక అయిపోయిందా, నీళ్లు చూడొచ్చినవు?"

"ఇసుక మస్తున్నది బావా. నీ అసొంటోడు ఒక్కడు లేక బోరు కొడుతాంది."

"కాళ్లు వణుకుతున్నయేంది?"

"నావి కావు, నీ కట్ట వణుకుతాంది."

"గీ కట్టనా? మన గొర్లు తొక్కిన కట్ట ఇది! తెగిన జాగాల మట్టి పోసి, తడిపి, ఎండకాలంల రోజూ మందను దీని మీద ఇటు అటు తోలినం. బండరాయి అయింది. కాలుతోని తన్ని చూడు."

తన్నిన. కాలు నొచ్చింది. గొర్లు ఇంజనీర్లయినయన్న మాట, మా బాపు ఉంటే ఎంత మురిసేటోడో.

ఇంటికి పోతే అక్క అరుగు మీద కూసొని ఉన్నది. ఆమె ఎనుక గోనెసంచులు వరుసగ నిలబడి ఉన్నయి. జొన్నలు, కందులు, గిన్నెలు, బొంతలు, పాతచీరలు, అన్ని సంచులల్లకెక్కినయి. ఇల్లు లోపల చూస్తే గోడలే మిగిలినయి.

"అక్కా, ఆలేరు వస్తున్నవా, ఆలేరును కొంటున్నవా?"

అక్క నవ్వలే. నా చెయ్యి పట్టుకొని, ఎంత బక్కగైనవు రా అన్నది. నా పొట్ట ఆమెకు కనబడనట్టే. చీర ఇచ్చిన. ఇటుకరంగును చేతితోని తడిమి, మడిచి, ఒక సంచి ఇప్పి అండ్ల పెట్టి మళ్ల కట్టింది. ముడి చూసిన. జారుముడి. సంచులన్నిటికి జారుముడులే. గోడకు కట్టేసిన మేకపిల్లకు జారుముడి. ఆఖరికి బట్టలారేసే తాడుకు కూడ.

"ఒక్క గుంజుడుకు ఊడాలె," అన్నది అక్క, నేను అడగకముందే. "ఇంక నా ఇంట్ల ఊడని ముడి ఉండొద్దు."



జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల తొక్కు పెట్టింది. రొట్టె మా దిక్కు కంటే పల్సగ, అగ్గువ కాయితం లెక్క. నాలుగు తిన్నా తిన్నట్టు కాలే. బావ నా ముందట కూసొని తింటున్నడు. అక్క దిక్కు చూసుడు, రొట్టె దిక్కు చూసుడు.

"నువ్వు కూడ రా బావా, పది దినాలు."

"నేనొస్తే కట్ట పాలు ఎవరు చూస్తరు?"

కట్ట పాలు

కట్ట పాలు అంటే ఏందో తాయమ్మ చెప్పింది. పక్కింటామె. ఆ ఊర్లె కట్టను ఇండ్ల లెక్కన పంచుకున్నరు. ఇన్ని మూరలు ఈ ఇంటివి, ఇన్ని ఆ ఇంటివి. ఎండకాలంల తన పాలు మీద మట్టి ఏసుకొనుడు, ఎలుక బొక్కలు మూసుడు, వరదల కండ్లు పెట్టుకొని కాసుడు ఆ ఇంటి పనే. అన్నదమ్ములు వేరువడితే ఇల్లు, గొడ్లు, చెలకతోపాటు కట్ట పాలు కూడ పంచుతరట. పిల్లనిచ్చేటోళ్లు పెండ్లికొడుకు భూమి కంటే ముందుగాల అతని కట్ట పాలు పోయి చూసొస్తరట, మట్టి గట్టిగున్నదా, ఎలుకలున్నయా అని.

"మీ బాపు చూడలే," అన్నది తాయమ్మ. "గడ్డే చూసిండు."

మా ఇంటి సంగతులు ఇంత దూరం ఎట్ల పోయినయో!

తాయమ్మ చెలక కట్టకు అవతల ఉన్నది, ఏటి దిక్కు. కట్ట కట్టినప్పుడు గీత గట్ల పడ్డది. వరదొస్తే ముందుగాల మునిగేది ఆమెదే. తొందరగ చేతికొచ్చే పంట ఏసుకుంటది, వస్తే తనది, పోతే ఏటిది. "కోపం రాదా?" అని అడిగిన. "ఎవరి మీద?" అన్నది. "నా చెలక అవతల, నా ఇల్లు ఇవతల. కట్టను తిట్టాల్నా, మొక్కాల్నా నాకే తెల్వదు. గందుకే కాస్త," అన్నది.

పోయినేడు కట్ట తెగినకాడి పొలం కూడ చూపిచ్చింది. నీళ్లు వచ్చి పోయినంక అండ్ల ఇసుక మేట పడ్డది. ఊరంత కలిసి ఎండకాలమంత ఎత్తిపోసినా ఇంక సగం తెల్లగనే ఉన్నది. వరద పోతే అయిపోయిందనుకునేటోన్ని నేను. నీళ్లు పోతయి గని ఇసుక పోదు, ఇసుక కింద మన్ను ఊపిరాడక ఉంటది. ఆ ఒక్క మడి చూసినంక ఈ మట్టిదిబ్బ ఎందుకు ఇంత ముద్దో నాకు తెలిసింది. ఆలేరు వాగు ఇసుకను బంగారం లెక్క అమ్ముకునేటోళ్లం మేం. గీడ అదే ఇసుక చూసి ఏడుస్తున్నరు.

మట్టినీళ్లు

తెల్లారి మేం బయలెల్లాలె. ఆటోకు చెప్పినం. అక్క పొయ్యి కూడ అలికి, ఇంక రాననట్టే అన్ని సదిరింది. పంచాయతి మైకుల మాత్రం ఒకటే మాట: నీళ్లు పెరుగుతున్నయి, ఎవరి పాలు వాళ్లు చూసుకోండ్రి.

బావ కట్ట మీదనే ఉన్నడు. నేను పోయి పక్కన నిలబడ్డ. ఏరు కట్ట తల కంటే ఇంక మూరెడు కిందనే ఉన్నది. బావకు ధైర్యం. "మీదికి రాదు," అన్నడు. నాకు ఎంకయ్య మాట మతికొచ్చింది. చెప్పేలోపల తాయమ్మ కేక ఇనబడ్డది, కట్ట కింది నుంచి, ఊరి దిక్కు నుంచి.

"నర్సప్పా! నీ పాలుల మట్టినీళ్లొస్తున్నయ్!"

ఉరికినం. కట్ట అడుగుల, వరిమడి గట్టు పక్కన, పిడికెడు జాగాల నీళ్లు బుడబుడ పొంగుతున్నయి. ఎర్రగ, చిక్కగ.

నీళ్లు కారే కట్ట అంటే నాకు చిన్నప్పటి సంది ఎరుకే గద! చెరువుకట్టకు బుంగ పడితే గడ్డి, బంకమట్టి కలిపి ముద్ద చేసి కొట్టుడే. "మీరు జరగుండ్రి" అన్న. పెద్ద ముద్ద చేసి, బుంగల కుక్కి, దాని మీద రెండు కాళ్లు పెట్టి తొక్కి నిలబడ్డ. నీళ్లు ఆగినయి. నడుం మీద చేతులు పెట్టుకొని బావ దిక్కు చూసిన. ఫోటో దిగేటోని లెక్క.

అంతల నా పక్కన ఇంకోకాడ బుస్సుమని లేసింది. తర్వాత ఇంకోటి. తర్వాత నా కింది మట్టి జారి, కుడికాలు మోకాలు దాక లోపలికి పోయింది. బావ, తాయమ్మ కలిసి చంకలల్ల చేతులేసి గుంజిండ్రు. కాలొచ్చింది, చెప్పు రాలే. నా కుడి చెప్పు ఇప్పటికీ ఆ కట్టకు కాపలా ఉన్నది.

"మూయొద్దు రా నాయినా!" అన్నది తాయమ్మ. "అవతల ఏరున్నది, నువ్వెన్ని మూస్తవు? చుట్టు దడి కట్టాలె. ఇసుక సంచులు పేర్చి బావి లెక్క చెయ్యాలె. లోపల నీళ్లు నిండి, ఏటి బరువుకు ఎదురు ఆనుతది. అప్పుడు మట్టి రాదు. నీళ్లు రానీ, మట్టి రావొద్దు!"

బావ ఊట దిక్కు చూసుడు, కట్ట మీదికి చూసుడు. మొఖం సున్నమైంది. నాకు అప్పుడు కనబడ్డది. సరిగ్గ ఆ వరసల, కట్ట అవతల నుంచి ఇవతలికి, బావ మోటరు పైపు. ఎండకాలంల పొలానికి నీళ్లు గుంజుటానికి కట్టను అడ్డంగ తవ్వి, పైపేసి, మీద మట్టి కప్పిండు. ఎనిమిది నెలలు నీళ్లు అవతల, పొలం ఇవతల, అడ్డం ఈ కట్ట. పైపు మీదికెల్లి ఎక్కిస్తే కరెంటు ఎక్కువ గుంజుతదని కడుపుల నుంచి ఏసిండు. గొర్లు తొక్కిన జాగా రాయి లెక్కనే ఉన్నది. బావ చేతులు పెట్టిన జాగానే ఊడుతాంది.

"సంచులు!" అని అరిసిండ్రు ఎవరో. పంచాయతి తెచ్చిన సంచులన్ని పొద్దుగాలనే ఎగువ ఇండ్ల పాలుల కాడ అయిపోయినయట. ఇసుక మస్తున్నది, పోయినేటి మేట పక్కనే ఉన్నది. నింపేటోళ్లున్నరు. సంచి లేదు.

బావ ఇంటి దిక్కు ఉరికిండు. ఆయన ఎనుక నేను, ఒక చెప్పుతోని.

సంచులు

అక్క అరుగు మీద నిలబడి ఉన్నది, ఎవరో చెప్పినట్టున్నరు. బావ ఆమె ముందట ఆగిండు. సంచుల దిక్కు చూసిండు, మళ్ల తల దించుకున్నడు. ఆ సంచులు అక్క పోయే తొవ్వ అని ఆయనకు ఎరుకే.

"ఏడ?" అన్నది అక్క.

"మన పాలులనే. పైపు కాడ."

అక్క ఒక్క క్షణం బావ దిక్కు చూసింది. ఎండకాలంల పైపు ఏసేటప్పుడు వద్దని మొత్తుకున్నది ఈమెనే అని నాకు తర్వాత తెలిసింది. తిట్టుడుకు ఇంతకంటే మంచి టైము మళ్ల దొరకదు. తిట్టలే. ఎనుకకు తిరిగి మొదటి సంచి జారుముడి గుంజింది.

ఒక్క గుంజుడు. సంచి బోర్లించింది. జొన్నలు అరుగు మీద పారినయి. రెండోది గుంజింది, కందులు. మూడోది, గిన్నెలు గలగల. బొంతలు, చీరలు, ఇటుకరంగు కొత్తచీర, అన్ని ఒకదాని మీద ఒకటి. ముడులు ఊడుడు, సంచులు బావ భుజం మీదికి ఎగురుడు. నేను కత్తి ఎతుకుదామనుకున్న, కత్తి పనే పడలే.

"ఇంకోటి కావాలె," అన్నడు బావ. "దడి మూసుకోదు."

అక్క చుట్టు చూసింది. మా ఆమె పంపిన బియ్యం సంచి గోడకు ఆనుకొని ఉన్నది.

"అది గుమ్మరియ్యి."

"అక్కా, అది ఒడిబియ్యం..."

"అందుకే కింద పొయ్యొద్దు. ఇటు పొయ్యి." నడుంల చెక్కిన కొంగు గుంజి, రెండు చేతులతోని ఒడి పట్టింది. "పొయ్యి రా, నిలబడతవేంది? తొందరగ పొయ్యి!"

పోసిన. పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, అన్ని ఒక్కపారి అక్క ఒడిల పడ్డయి. బరువుకు ఆమె కొంచెం ముందుకు ఒంగింది. బావ ఖాళీ సంచి గుంజుకొని ఉరికిండు.

నేను మాత్రం కదలలే. అక్క కూడ కదలలే. ముహూర్తం లేదు, బొట్టు లేదు, పీట లేదు, పాట పాడేటోళ్లు లేరు. ఒక కాలికే చెప్పున్న తమ్ముడు, మోకాలు దాక బుర్ద. అయినా పోసుడు అయిపోయింది. పుట్టింటికి తోల్కపోయి చేయాల్సిన పని, తోల్కపోకుండనే అయిపోయింది.

అక్క చెమట తుడుసుకుందామని చేతి ఎనుకతోని నుదురు రుద్దుకున్నది. బుర్ద అంటింది. గదే బొట్టు.

"చూస్తవేంది, పో! మీ బావ ఒక్కడే ఉన్నడు," అన్నది.

పొద్దు నెత్తి మీదికొచ్చేదాక దడి పేర్చినం. మూడు వరసలు లేసినంక లోపల నీళ్లు నిండినయి, ఎర్రగ. అందరం చుట్టు కూసొని దాన్నే చూస్తున్నం, పాలు పొంగుతయేమో అని చూసినట్టు. తాయమ్మ అప్పుడప్పుడు చేత్తోని ముంచి చూసుడు, పారపోసుడు. ఒకపారి ముంచి, చెయ్యి నా మొఖం ముందట పెట్టింది. నీళ్లల్లకెల్లి ఆమె అరచేతి గీతలు కనబడ్డయి.

"తేటబడ్డది," అన్నది.

మాపటికి ఏరు జానెడు దిగింది. ఇంటికొస్తే అక్క అరుగు మీద సామాను నడుమ కూసొని, జొన్నల నుంచి కందులు ఏరుతాంది. ఒడిబియ్యం నడుంకు మూట కట్టుకొనే ఉన్నది. బావ ఎదురుంగ నిలబడ్డడు.

"నీళ్లు తగ్గినంక పైపు తీస్త. కట్ట మీదికెల్లి ఏస్త."

"కరెంటు ఎక్కువ గుంజదా?"

"గుంజనీ."

అప్పుడు నవ్వింది అక్క. నేను వచ్చిన సంది మొదటిసారి. బావను చూసి, నా ఒక చెప్పును చూసి, మళ్ల బావను చూసి, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "తమ్మీ, మీ బావ కట్ట, నీ చెప్పు, రెండు ఒక్క తీరే పోతుండె" అన్నది.

"అయితే రేపు పోదామా అక్కా?" అని అడిగిన, మెల్లగ.

"దేంట్ల పెట్టుకొని రావాలె రా? సంచులన్ని కట్ట కింద ఉన్నయి."

"నీళ్లు తగ్గినంక తీసుకుందాం."

"తీస్తే కట్టకు?"

భయం పోయిందా అని అడుగుదామనుకున్న. అడగలే. మేకపిల్లను ఇంక జారుముడితోనే కట్టింది, చూసిన. భయం ఉన్నది. అయితే ఇప్పుడు ఆ కట్టల ఆమె సంచులు కూడ ఉన్నయి.

మళ్ల ఆలేరు

నేను బస్సెక్కే పొద్దు అక్క ఇటుకరంగు చీర కట్టుకొని వచ్చింది. నన్ను సాగనంపుటానికి అనుకొని మురిసిన. "కట్ట పాలు చూసొస్తున్న, తొవ్వల నువ్వున్నవు," అన్నది. ఒడిబియ్యం పోసుకున్న ఆడిబిడ్డ, పోసినోళ్ల ఇల్లు కూడ నిండుగ ఉండాలని కొన్ని తిరిగిస్తది. నా దస్తీ పరిపించి ఐదు పిడికిళ్లు పోసి, ముడేసి ఇచ్చింది. బావ తన చెప్పులు ఇచ్చిండు. ఒక సైజు పెద్దయి. పాలమూరుల ఆ హోటల్ల మళ్ల ఛాయ్ తాగిన. ఎంకయ్య లేడు. ఉంటే రెండు ఛాయ్‌ల పైసలు నేనే ఇద్దును, కొట్లాడైనా సరే.

ఇంటికొస్తే మా ఆమె నా ఎనుక ఎవరన్న ఉన్నరా అని కూడ చూడలే. ఇద్దరికే వండింది.

"పోసినవా?"

"పోసిన."

"పట్కపో అంటే మస్తు మాట్లాడితివి," అన్నది. చెయ్యి చాపి దస్తీ తీసుకున్నది. కొస పట్టి గుంజింది. ఒక్క గుంజుడుకు ఊడింది.

ఆ బియ్యం మర్నాడు వండుకున్నం. అండ్ల కృష్ణ ఇసుక కొంచెం కలిసినట్టున్నది, ముద్ద ముద్దకు పండ్ల కింద కరకరమన్నది. మా ఆమె నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూసిన. ఇద్దరం ఉమ్మలే.